రాతకెక్కని దగ్గు

ఆమోసు కాక మంచి మనిషి. అయినా ఈ కథలో తప్పు ఆయనదే. ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా దాచిపెట్టడం నాకు చేతకాదు.

గోదావరిఖనిలో మా క్వార్టర్‌కు ఎదురు క్వార్టర్ ఆయనది. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో చేశాడు. చివరి పదేళ్లూ కొత్తగా చేరినవాళ్లకు జాగ్రత్తలు నేర్పే డ్యూటీ. చేతిలో ఎప్పుడూ ఒక కర్ర. దానితో బాయి పైకప్పును తట్టి, చెవులు రిక్కించి వినేవాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది. విడిపోయిన బండ డొల్లగా పలుకుతుంది. రిటైరయ్యాక పెళ్లికి పోయినా ఫంక్షన్ హాలు గోడలు తట్టి చూసేవాడు. ఆయన భార్య సుగుణమణి చిన్నమ్మ చేయి పట్టుకుని లాగేది. "మనం తినవస్తిమా, హాలు కొనవస్తిమా?"

కింద పనిచేసినవాళ్లు ఆయన్ను తిట్టుకునేది ఒక్క సంగతికే. పక్కన బండ పడితే, ఎవరికీ ఏమీ కాకపోయినా సరే, పుస్తకంలో రాయించేదాకా ఇంటికి పోనిచ్చేవాడు కాదు. వాళ్లేమో బతికిపోయామని మైసమ్మకు కోడిని కోసి, తిని, మరిచిపోదామనుకునేవాళ్లు.

"దెబ్బ తాకినోడు చెప్పకున్నా తెలుస్తది రా. తప్పించుకున్నోడు చెప్తెనే తెలుస్తది. కోడి తర్వాత కోసుకో, ముందుగాల రాయి," అనేవాడు.

ఆయనకు ఒక్కతే బిడ్డ, గ్లోరియా. పైలట్ అవుతానని పక్క రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేరింది. దింపడానికి వెళ్లినప్పుడు రైల్లో గోలేటి ఊరాయన సదానందం కలిశాడు. ఆయనా బాయి మనిషే. కొడుకు రుత్విక్‌ను అదే స్కూలుకు తీసుకెళ్తున్నాడు. చిన్నమ్మ కట్టిచ్చిన పులిహోర నలుగురూ తిన్నారు.

"మనం భూమి లోపటికి దిగినం, పోరలేమో పైకి పోతున్నరు. ఇగ నడుమ భూమ్మీద ఎవలుంటరన్నా?" అని సదానందం అందరినీ నవ్వించాడట.

పోయిన యేడాది వానాకాలం, ఒక శనివారం సాయంత్రం గ్లోరియా ఫోన్ చేసింది. నేను స్టూలెక్కి వాళ్ల ఫ్యాను బిగిస్తున్నాను. స్పీకర్లో అంతా వినబడింది.

"డాడీ, ఇయ్యాల పైకి లేవంగనే ఇంజన్ దగ్గింది. రెండుసార్లు. మల్లా సాఫ్ అయింది. తిప్పుకొచ్చి దించిన."

"నీకేం కాలే గదా బిడ్డా?"

"ఏం కాలే. గాని పుస్తకంల రాయాలె. రాస్తే విమానం ఆపుతరు. సోమారం నా పరీక్ష అదే విమానంల."

రాయమంటాడనే అనుకున్నాను. ముప్పై నాలుగేళ్లు బాయిలో చేసిన మనిషి, ఇంకేమంటాడు?

"రెండుసార్లు దగ్గితే ఏమైతది? గీ వానలకు మనుషులే దగ్గుతున్నరు. పరీక్ష కానియ్యి, తర్వాత రాద్దువు. దేవుడు తప్పించిండు. రేపు నేను సాక్ష్యం చెప్త."

మర్నాడు చర్చిలో లేచి నిలబడ్డాడు. వాళ్లకది అలవాటు. ఆపద తప్పినవాళ్లు ఆదివారం అందరి ముందూ లేచి ఆ సంగతి చెబుతారు, దాన్నే సాక్ష్యం అంటారు. ఇంజన్ ఎలా దగ్గిందో నోటితో చేసి చూపించాడట. "నా బిడ్డను ఆకాశంల పట్టుకున్న దేవునికి స్తోత్రం" అన్నాడు. నూటయాభై మంది "స్తోత్రం" అన్నారు. నూటయాభై మందికి తెలిసింది, ఆ విమానం ఎక్కబోయేవాడికి తప్ప.

సోమవారం గ్లోరియా పరీక్ష పాసయింది. ఇంజన్ ఒక్కసారీ దగ్గలేదు. ఇక రాయడమెందుకులే అనిపించింది. రుత్విక్‌తోనూ అనలేదు. మంగళవారం ఎడతెగని వాన. బుధవారం పొద్దున రుత్విక్ ఒక్కడే ఆ విమానం ఎక్కాడు. కొంచెం పైకి లేచాక ఇంజన్ ఆగిపోయింది. ఎదురుగా ఖాళీ పొలాలున్నాయి. అతను రన్‌వే వైపు వెనక్కి తిరగబోయాడు. తిరుగుతుండగానే విమానం కూలింది. పందొమ్మిదేళ్లవాడు.

మూడో రోజు గ్లోరియా ఇంటికొచ్చింది. మళ్లీ పోలేదు.

ఈ వేసవిలో విచారణ రిపోర్టు వచ్చింది. ఇంగ్లీషు. బిడ్డను అడగలేక కాక నన్ను పిలిచి చదివి చెప్పమన్నాడు. పెట్రోలు ట్యాంకు మూతకున్న రబ్బరు పగిలింది, వాన నీళ్లు లోపలికి దిగాయి. ఎగిరే ముందు ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు గ్లాసులోకి తీసి, నీళ్లున్నాయేమో చూడాలి. లేవగానే ఇంజన్ ఆగితే వెనక్కి తిరగకూడదు, ఎదురుగా ఉన్న పొలంలోనే దించాలి. ఒక్కో పాఠానికీ కాక తలూపుతున్నాడు, బాయిలో తన దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లలాగే. ఎనిమిదో పేజీలో ఒక వాక్యం వచ్చింది. "ఈ విమానంలో అంతకుముందు ఏ లోపమూ నమోదు కాలేదు."

"మల్ల చదువు."

చదివాను.

"మల్ల."

గ్లోరియా లోపలి గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "నమోదయింది డాడీ. చర్చిల అయింది."

ఆ మాటలో కోపం కూడా లేదు.

ఆ పూటే ఆమె విచారణ ఆఫీసుకు జరిగిందంతా రాసి పంపింది. ఇక లైసెన్సు రాదేమో అన్నాను. "రాకపోనీ. ఒక్క లైను రాస్తే మూత ఇప్పి చూసెటోళ్లు," అంది. తర్వాత తండ్రి వైపు తిరిగింది. "ఆఫీసుకు నేను చెప్పిన. వాళ్ల నాయనకు నువ్వు చెప్పాలె."

ఆదివారం, సరిగ్గా చర్చి వేళకు, నా బండి మీద గోలేటి బయలుదేరాం. మంచిర్యాలలో చాయ్‌కి ఆపితే కాక గ్లాసు ముట్టలేదు. మేం గోలేటి చేరేసరికి సదానందం అప్పుడే డ్యూటీ దిగి ఇంటికొచ్చాడు. ఇంట్లో కూర్చోలేక ఆదివారాలు కూడా పోతున్నాడట. కాకను చూసి అతని ముఖం వెలిగింది. నేను తల తిప్పుకున్నాను.

"రా అన్నా, కూసో. అనసూర్యా, చాయ్ పెట్టు!" అని భార్యకు కేకేశాడు.

కాక కూర్చోలేదు. ఫోను, దగ్గు, పరీక్ష, తానన్న మాట, అన్నీ నిలబడే చెప్పాడు. సదానందం కొడతాడనుకున్నాను. కొడితే అడ్డు పోకూడదని కూడా అనుకున్నాను.

"చర్చిల ఏమని చెప్పినవన్నా?"

"ఏందో చెప్పిన, సదానందం."

"ఏందో కాదు. గాడ ఎట్ల చెప్పినవో గట్లనే చెప్పు. గంతమందికి చెప్పినవు, మా పోరనికి చేరలే. నాకన్న చెప్పు."

అనసూర్య చాయ్ గ్లాసులతో గడపలోనే ఆగిపోయింది. కాక కర్ర మీద ఆనుకుని మొదలుపెట్టాడు. శనివారం, విమానం పైకి లేవగానే, అన్నాడు. నోటితో దగ్గి చూపించాడు, రెండుసార్లు. "నా బిడ్డను ఆకాశంల పట్టుకున్న దేవునికి..."

తర్వాతి మాట రాలేదు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే ఆగిపోయాడు.

సదానందం వింటున్నాడో లేదో తెలియలేదు. వేళ్లు ముడుస్తున్నాడు. "శనివారం, ఆదివారం, సోమారం, మంగళారం."

నాలుగు వేళ్లు ముడిచిన చేతిని కాక ముందు పెట్టాడు.

"నాలుగు దినాలుండె గదన్నా."