మూడేళ్ళకే ఆగిన పత్రిక

తిరుపతి నుంచి పలమనేరు పోయే బస్సులో ఒళ్ళో జిరాక్సు కాగితాలు పెట్టుకుని కూర్చున్నాను. చదవాలని కాదు, సంచిలో పట్టక. ఆరేళ్ళుగా వాటి మీదే పరిశోధన. చూస్తేనే నీరసం వచ్చే స్థితికి చేరాను.

పక్కసీటు పెద్దాయన విగ్రహాలు చెక్కే మనిషి. వేళ్ళ సందుల్లో రాతిపొడి, కాళ్ళ దగ్గర ఉలుల సంచి. నా కాగితంలోని గ్రీకు దేవుడి బొమ్మను చూసి, "ఏందప్పా ఇది?" అన్నాడు.

"రెండొందల ఏండ్ల నాటి జర్మన్ పత్రికన్నా. శిల్పమైనా, చిత్రమైనా పాత గ్రీకుల పద్ధతిలోనే చెయ్యాలని చెప్పేది. కొనేవాళ్ళు లేక మూడేండ్లకే ఆగిపోయింది."

ఆయన తన బస్సు టికెట్టును బొమ్మ ముఖమంత పొడవుకు మడిచి, తల నుంచి పాదాల దాకా జరుపుకుంటూ కొలిచాడు.

"పది మొగాలు," అన్నాడు. "పెద్ద దేవుళ్ళకి మేమూ పదే పెడతాం. మా నాయన నేర్పిన లెక్క. ఇప్పుడెవురికి కావాల? ఫోన్లో బొమ్మ సూపించి, అట్లనే సెయ్యమంటారు."

చిత్తూరులో లేస్తూ మళ్ళీ అడిగాడు.

"ఎవురూ కొనకపోయినా మూడేండ్లు నడిపినారా?"

"నడిపినారన్నా."

"గట్టోళ్ళే," అని సంచి భుజానికెత్తుకుని దిగిపోయాడు.

నా పరిశోధన వ్యాసంలో మొదటి వాక్యం 'ఆ పత్రిక మూడేళ్ళకే ఆగిపోయింది' అని ఉండేది. దాన్ని కొట్టేసి, 'మూడేళ్ళు నడిచింది' అని రాసుకున్నాను.

నా పరిశోధనకిప్పుడు ఏడో ఏడు నడుస్తోంది.