గొడుగుపిల్లకు వేసిన మేత

కళ్లద్దాల కొట్టు వెనక గదిలో కూర్చుని అద్దాల అంచులు అరగదీసే ఆవిణ్ణి అందరూ పెద్దమ్మాయి అంటారు. నలభై దాటి చాలా కాలమైంది, చెవుల పక్కన జుట్టు నెరిసింది. అయినా తల్లికి ఆమె పెద్దమ్మాయే. తల్లి ఫోనులో అలా పిలవడం విని విని కొట్టు యజమాని కూడా అదే పిలుపు అందుకున్నాడు. చిన్నమ్మాయి అంటూ ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఉన్నది ఒక తమ్ముడు. సరుకుల వ్యాను నడుపుతాడు, పక్క వీధిలో భార్యతో వేరే కాపురం.

అద్దం గుండ్రంగా వస్తుంది. దాన్ని ఫ్రేము ఆకారానికి తేవడం ఆమె పని. తిరిగే రాయికి ఆనించి, నీళ్లు పడుతుండగా కొద్దికొద్దిగా అరగదీయాలి. ఒక్క పిసరు ఎక్కువ అరిగినా ఫ్రేములో వదులవుతుంది. అరిగింది మళ్లీ పెరగదు. అందుకని ఆమెకు దేనికీ తొందర లేదు. తండ్రి చనిపోయిన ఏడాది ఆ రాయి ముందు స్టూలు మీద కూర్చుంది, తమ్ముడి చదువు అయ్యేదాకా అనుకుంది. చదువయింది. ఆ తర్వాత తల్లి మోకాళ్లు పట్టేశాయి. పెళ్లి మాట రెండు మూడుసార్లు వచ్చి, ఎవరూ పట్టుదలగా పట్టించుకోక, దానంతటదే సద్దుమణిగింది.

ఆట ఆమె ఫోనులోకి వచ్చింది తమ్ముడి చేతుల మీదుగా. జపాన్ కార్టూన్ల ఫక్కీలో ఉంటుంది. గులాబీరంగు జుట్లు, చెంపల దాకా సాగిన కళ్లు, నడుము లేని పిల్లలు కొండంత రాక్షసుల మీదికి ఎగిరి దూకుతుంటారు. తమ్ముడు బల్లెం పట్టినవాణ్ణి పెంచాడు, మరదలు విల్లు పట్టినదాన్ని పెంచింది. దెబ్బ తగిలినప్పుడు ప్రాణం నింపేవాళ్లు, ఆటవాళ్ల భాషలో హీలర్, జట్టులో లేరు. తమ్ముడికి వెంటనే అక్క గుర్తొచ్చింది. నువ్వైతే సరిగ్గా సరిపోతావు అన్నాడు. ఆమె సరేనంది. ఆ ఇంట్లో సరే అనే పని ఎప్పుడూ ఆమెదే.

ఆమె హీలర్ ఆకుపచ్చ జడల పిల్ల. గొడుగు తిప్పితే చుట్టుపక్కల ఉన్నవాళ్ల ప్రాణం నిండుతుంది. గొడుగుపిల్లకు కొట్టడం రాదు. వెనక నిలబడుతుంది, అందరూ గెలుస్తారు, దెబ్బల లెక్కలో ఆమె పేరు అట్టడుగున ఉంటుంది. ఆట నేర్చుకున్నన్నాళ్లూ పెద్దమ్మాయికి అందులో తప్పేమీ తోచలేదు.

వానలు మొదలైన రోజుల్లో, ఆట నడిపే కంపెనీ అప్పుడప్పుడూ ఉచితంగా తీయనిచ్చే లక్కీ చీటీలో, ఆమెకు జంటకత్తుల పిల్ల వచ్చింది. ఎర్రజుట్టు, పొగరు మూతి. మధ్యాహ్నం డబ్బాలో అన్నం తినడం అయ్యాక, కొట్టు వెనక గదిలో దాన్ని ఆటలో సాధనకు పెట్టిన గడ్డిబొమ్మల మీద వదిలింది. పిల్ల ఎగిరింది, తిరిగింది, రెండు కత్తులూ ఒక్కసారే దించింది. గడ్డిబొమ్మ ముక్కలయింది. పెద్దమ్మాయికి ఒళ్లు పులకరించేంత సంతోషం వేసింది. మళ్లీ కొట్టింది. యజమాని పిలిచేదాకా కొడుతూనే ఉంది.

ఆ రోజే నిశ్చయించుకుంది. ఏడాది చివర్లో ఆ ఆటలో రాతి తాబేలు అనే పెద్ద రాక్షసి మీదికి జట్లు వెళ్తాయి. ఈసారి ఆ తాబేలును తాను కొట్టాలి. ఎవరికీ చెప్పలేదు. ముందు పిల్లను తయారుచేసుకుని, ఆ రోజున చూపిద్దామనుకుంది.

పిల్లను బలంగా చేయడమంటే లెవెల్ పెంచుకుంటూ పోవడం ఒక్కటే కాదని ఆమెకు త్వరగానే బోధపడింది. ఎర్రపిల్లకు బలం గురి చూసి కొట్టే దెబ్బలో ఉంది. గురి తగిలే అవకాశం పెంచి దెబ్బ పెంచకపోయినా, దెబ్బ పెంచి గురి పెంచకపోయినా దండగే. రెండూ కలిసిరావాలంటే దానికి తగ్గ కిరీటం, కంకణం, హారం ఒకే జాతివి దొరకాలి. ఒకే గుహలోకి రోజూ వెళ్లి వెతకాలి. దొరికినవాటిలో పనికిరానివే ఎక్కువ. మరొకరైతే విసుగెత్తి ఏదో ఒకటి తగిలించేవాళ్లు. అద్దాలు అరగదీసే మనిషికి ఇది అలవాటైన పనే. ఒక్కొక్కటీ ఏరుకుంది. చివరికి గుహ అడుగున నిప్పురంగు జంటకత్తులు దొరికాయి. అన్నీ సంచిలో పెట్టింది, ఆ రోజు కోసం.

పెట్టింది కానీ తాళం వేయలేదు.

ఆ ఆటలో ఆయుధం ఇంకో ఆయుధాన్ని తిని పెరుగుతుంది, నగ ఇంకో నగను తిని పెరుగుతుంది. ఆడేవాళ్లు దాన్ని మేత వేయడం అంటారు. తినిపించింది తిరిగి రాదు. అందుకే దాచుకోదలచినవాటి మీద చిన్న తాళం గుర్తు పెట్టుకోవచ్చు. ఆ గుర్తు ఆమెకు తెలుసు. కానీ ఆ ఇంట్లో బీరువాకే తాళం లేదు. ఇంటర్నెట్‌కూ, కరెంటు బిల్లుకూ, ఆమె ఆటకూ అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్, తల్లి ముద్దుపేరు. అందరికీ నోటికి వచ్చు. ఇంట్లోవాళ్ల మధ్య తాళమేమిటి అన్నది ఆమె పెరిగిన పద్ధతి.

తాబేలు రోజు ఆదివారం పడింది. మధ్యాహ్నం తమ్ముడూ మరదలూ వచ్చారు. తల్లి మంచం మీద కాళ్లు చాపుకుని ఉంది, మిగతా ముగ్గురూ కింద చాప మీద ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. తమ్ముడి ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, నీ గొడుగుపిల్లను చూడు. రాత్రి నీ పాస్‌వర్డ్‌తో నా ఫోనులో తెరిచి నేనే కూర్చుని పెంచా. ఇక దానికి తిరుగులేదు."

ఆమె తెరిచి చూసింది. గొడుగు అంచులు బంగారంలా మెరుస్తున్నాయి. సంచి ఖాళీగా ఉంది. ఎర్రపిల్ల చేతిలో మొదట్లో ఇచ్చే చెక్కకత్తులు తప్ప ఏమీ లేవు.

"నిప్పుకత్తులేవిరా?"

"మేత వేసేశా. నువ్వెటూ వాడవుగా. తాళం కూడా లేదు."

వాడు ప్రేమగానే చేశాడు, అందులో సందేహం లేదు. కోప్పడటానికి అదే అడ్డం. పెద్దమ్మాయి వంటింట్లోకి వెళ్లి గ్లాసుడు నీళ్లు తాగి వచ్చింది. కూర్చుని, చెక్కకత్తులతోనే ఎర్రపిల్లను ఎంచుకుంది.

తాబేలు లేచింది. ఎర్రపిల్ల అందరికన్నా ముందు పరుగెత్తింది. చెక్కకత్తుల దెబ్బకు రాతి మీద దుమ్ము కూడా లేవలేదు. అక్క పొరపాటున వేరే పిల్లను నొక్కిందేమో అనుకున్నాడు తమ్ముడు. బల్లెంవాడి ప్రాణం కరిగిపోతుంటే, హీల్ చెయ్యక్కా, హీల్ అని గోల పెట్టాడు. ఆమె బొటనవేలు అలవాటుగా గొడుగు తిప్పే చోటికి వెళ్లింది. ఎర్రపిల్లకు ఆ చోట ఉన్నది ఎగిరి కొట్టే దెబ్బ. నొక్కింది. పిల్ల ఎగిరి తాబేలు ముక్కు మీద కొట్టింది. ఆ తర్వాత ముగ్గురూ నేలకూలారు.

"గొడుగుపిల్లను తేవడం మర్చిపోయావా?"

"మర్చిపోలేదురా. నాకూ కొట్టాలని ఉంది. ఆ కత్తులు అందుకే దాచుకున్నా."

ముందే చెప్పొచ్చు కదా అన్నాడు తమ్ముడు. అదీ నిజమే అనిపించింది ఆమెకు. అడగొచ్చు కదా అని కూడా అనిపించింది. ఇప్పుడు చెప్పానుగా అంది.

అప్పుడు మరదలు మొగుడి వైపు తిరిగింది. "అయితే ఈసారి హీలర్‌ని నువ్వు తీసుకురా."

"నా దగ్గర హీలర్ ఎక్కడుంది? ఎప్పుడూ పెంచలేదు. అక్క ఉందిగా."

ఆ మాట అన్నాక వాడే తలొంచుకున్నాడు. తన ఆటలో అడుగునంతా వెతికితే గంట పట్టుకున్న చిన్న హీలర్ పిల్ల ఒకతి దొరికింది. ఎప్పుడో చీటీలో వచ్చి, తాకకుండా పడి ఉంది. దాన్నే తెచ్చి అక్క ఎర్రపిల్ల వెనక నిలబెట్టాడు. తాబేలు కాలు కదిపింది, గంటపిల్ల చచ్చింది. మళ్లీ తెచ్చాడు, మళ్లీ చచ్చింది. సాయంత్రం దాకా వాళ్లు ఒక్కసారి కూడా గెలవలేదు. దెబ్బల లెక్కలో మాత్రం పెద్దమ్మాయి పేరు అడుగు నుంచి ఒక మెట్టు పైకెక్కింది.

చెప్పులు వేసుకోబోతూ తమ్ముడు ఆగి, గంటపిల్లకు ముందు ఏం పెంచాలి అని అడిగాడు. ప్రాణం పెంచు, తర్వాత మిగతావి చూద్దాం అంది. మంచి కిరీటం ఏదైనా దొరికితే వెంటనే తాళం వేసుకో అని కూడా చెప్పింది.

"నావి ఎవరు తీస్తారక్కా? నా పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదుగా."

పెద్దమ్మాయి వాడి వైపు చూసింది. అవును, తెలియదు. ఇన్నేళ్లలో తానూ అడగలేదు. ఆమె చాప మీద మళ్లీ కూర్చుని, ఫోను తెరిచి, పాస్‌వర్డ్ మార్చడం మొదలుపెట్టింది. తమ్ముడూ మరదలూ గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్నారు. మంచం మీది నుంచి తల్లి మెడ సాచింది.

"ఏం పెట్టావే పెద్దమ్మాయీ? చెప్పి పెట్టు, నువ్వు మర్చిపోతే మేం చెబుతాం."

"చెప్పనమ్మా," అంది.