ముదురు రంగు ముక్క

ల్యాబులో ఆవిడని అందరూ అక్కా అనే పిలుస్తారు, వయసులో పెద్దైన డాక్టరుగారితో సహా. పందొమ్మిదేళ్ళ సర్వీసు మరి. రొమ్ములోంచి తీసిన గడ్డని పల్చటి పొరలుగా కోసి, గాజుపలకకు అంటించి, మీద యాంటీబాడీ చుక్క వేయడం ఆవిడ పని. కొందరి గడ్డల్లో క్యాన్సరును ఎగదోసే ఒక ప్రోటీను ఉంటుంది. యాంటీబాడీ దాన్ని వెతికి పట్టుకుంటుంది, పట్టుకున్నచోట గోధుమరంగు తేలుతుంది. తేలితే రోగికి ఒక మంచి మందు ఇస్తారు, తేలకపోతే ఇవ్వరు. ఒక మనిషి ప్రాణం ఆ రంగు మీద ఉంటుంది.

అంత పని చేతిలో ఉన్న మనిషి, ఒక శుక్రవారం, చల్లగా లేకపోతే చెడిపోయే యాంటీబాడీ సీసాను ఫ్రిజ్‌లో పెట్టడం మరిచి బల్లమీదే వదిలి ఇంటికెళ్ళింది! సోమవారం వచ్చి చూస్తే సీసా గోరువెచ్చగా తగిలింది. అయినా పారేయడానికి చెయ్యి రాలేదు. కంట్రోల్ ఉందిగా, అదే చెబుతుందిలే అనుకుంది. కంట్రోల్ అంటే ఆ ప్రోటీను ఉందని ముందే తెలిసిన గడ్డముక్క. రోగుల ముక్కలతోపాటు దానికీ చుక్క వేస్తారు. అది రంగెక్కితే యాంటీబాడీ బాగున్నట్టే లెక్క. ఆ రోజూ నిగనిగలాడుతూ రంగెక్కింది. రోగుల ముక్కలు అయిదూ గోధుమరంగు తేలక నీలంగానే మిగిలాయి. డాక్టరుగారు అయిదింటికీ ‘లేదు’ అని సంతకం పెట్టేశారు.

అప్పట్నుంచి మొదలైంది అసలు బాధ. ఇంట్లో కూర్చోదు, నిలబడదు. తుడిచిన గట్టునే మళ్ళీ తుడుస్తోంది.

"ఏమైందే నీకు? కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటి?" అన్నాడు భర్త.

"ఏం లేదు, మీరు తినండి."

ఏం లేదుట, నా మొహం! చెబితే సిగ్గు, చెప్పకపోతే భయం. ఆ కంట్రోల్ ముక్కను ఏరింది తనే. చూసినవాళ్ళు శభాష్ అనాలని, ఉన్నవాటిలోకెల్లా ముదురుగా రంగెక్కేదాన్ని ఏరింది. ప్రోటీను అంత దండిగా ఉన్న ముక్క సగం చచ్చిన యాంటీబాడీతో కూడా రంగెక్కి కూర్చుంటుంది. దాన్ని నమ్మి ఏం లాభం?

బుధవారం పొద్దున్నే డాక్టరుగారి గదిలోకెళ్ళి గడగడా చెప్పేసింది.

"కంట్రోల్ బాగానే వచ్చింది కదక్కా?" అన్నారాయన.

"అదేనండీ నా ఏడుపు! అది ఎప్పుడూ బాగానే వస్తుంది."

కొత్త సీసా తెరిచి, పక్కన ప్రోటీను కొంచెమే ఉండి లేతగా రంగెక్కే ముక్కను పెట్టి, అయిదూ మళ్ళీ చేసింది. ఆ మూడు గంటలూ కాలు ఒకచోట నిలవలేదు. నాలుగు నీలంగానే వచ్చాయి. అయిదోది ముప్ఫై ఎనిమిదేళ్ళ స్కూలు టీచరుది. అందులో కణాల చుట్టూ గోధుమరంగు గీతలు కట్టింది.

డాక్టరుగారు ఆ టీచరు ఆసుపత్రికి ఫోను చేశారు. చికిత్స రేపే మొదలట, మందు చేర్చడానికి ఇంకా వ్యవధి ఉందట. అక్క కుర్చీలో కూలబడి భోరుమంది.

"ఊరుకో అక్కా, దొరికిందిగా. మెమో మాత్రం ఇవ్వక తప్పదు."

"ఇవ్వండి. ఉద్యోగం తీసేసినా సరే."

ఆయన కలం తీసి, ఏదో తట్టినట్టు ఆగారు. "ఆ ముదురు ముక్క ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నాం?"

అక్క ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

"ఆరేళ్ళండీ."

ఆరేళ్ళలో చెడినా బయటపడని సీసాలెన్నో, తప్పు ‘లేదు’లెన్నో! అక్క చేత్తో కళ్ళు తుడుచుకుని లేచి, పాత పలకల బీరువా తాళంచెవి అడిగింది.