లోపల ఏముందని అడిగితే

మా అత్తయ్య తంబుర తెచ్చుకోవడానికి పుదుచ్చేరి వెళ్లాను. ఆమెకు గొంతు పోయింది; మా అమ్మాయికి ఇప్పుడిప్పుడే వస్తోంది. మద్రాసులో రాత్రి బండెక్కి విల్లుపురంలో మారితే పొద్దున్నే దిగుతాం. స్టేషను బయట మనిషి వెనకనుంచి తోసే పుష్‌పుష్ బండి ఉంటుంది. బేరం ఎక్కకముందే ఆడాలి. నేను దిగాక ఆడాను.

అత్తయ్య ఇంట్లో దోసెలు తిన్నాక అరుగుమీద వాదం మొదలైంది. నేను బళ్లో పద్యాలకు అర్థం చెప్పి బతికేవాణ్ణి. అర్థం లేని పాట నాకు జీతం లేని నెల.

"మాటలు తీసేస్తే పాటలో మిగిలేది చప్పుడే కదా అత్తయ్యా?"

"ఈ తంబుర ఇన్నేండ్లలో ఒక్క మాటా చెప్పలేదు. నాకు విసుగు రాలేదు. నీతో పొద్దున్నించే వస్తాంది."

"వినడానికి బాగుంటుంది, సరే. దాని అర్థమేమిటి?"

"అర్థం తెలిసినాక నువ్వు వినేది మానేస్తావురా. నాకు తెలీదు. అందుకే ఇంకా వింటా ఉండా."

మర్నాడు అత్తయ్యే తంబుర ఒకసారి మీటి, గుడ్డసంచి తొడిగి ముడేసింది. చెయ్యి ముడిమీదే ఉంచి అంది: "యాడన్నా ఎవరన్నా ఇదేందని అడిగితే వివరించబాక. మీటి చూపించు."

మధ్యాహ్నం బండి. ఫ్రెంచివారి హద్దు దాటగానే ఇంగ్లీషువారి సుంకం జవాను ఎక్కాడు, బ్రాందీ సీసాల కోసం. సంచి విప్పించి, తంబుర బుర్రమీద వేలితో కొట్టాడు.

"లోపల ఏముంది?"

ఏమీ లేదంటే పోయేది. పొద్దుటిదాకా ఒప్పుకోని అత్తయ్య మాట అప్పుడు నా నోట్లోకొచ్చింది. "ఏమీ లేకపోవడమే దీని గొప్ప. ఉన్నదంతా అందులోనే ఉంది."

"అయితే ఉన్నదంతా దించు," అన్నాడు.

నవ్వుతూ తలకిందులు చేసి ఆడించాను. తీగె బిగించే బిరడా కిటికీ కమ్మికి తగిలి పట్టు తప్పింది. బుర్ర బల్ల అంచుకు కొట్టుకుని నిలువునా బీటేసింది. అందులోంచి ఏమీ రాలలేదు.

"నిజమే, ఏమీ లేదు," అని దిగిపోయాడు. ఆ రైలుపెట్టెలో ఖాళీ బుర్రలు రెండు. పగిలింది మాత్రం పలికేది.

ఎదురుగా ఒక రైతు పెద్దమ్మ కూర్చుని ఉంది. "ఏందయ్యా అది?"

వివరించలేదు. మీటాను. తీగె వెనకాలే ఒక జీర లేచింది.

"పాపం, జలుబు చేసినట్టుండాదే," అంది.

పుదుచ్చేరి చూడదగ్గ ఊరు. సముద్రం దగ్గర, దోసెలు మెత్తన. వెళ్లేవారు హద్దు దగ్గర తక్కువ మాట్లాడితే చాలు. విల్లుపురం దాకా ఆ బీటమీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. అమ్మాయి స్టేషనుకే వస్తానంది. ఇదేమైందని అడిగితే, మీటి చూపించలేను. వివరించాలి.