మొటిమలు తీసేసి మచ్చలు ఉంచే సరోజక్క

నా ఫోటో స్టూడియోలోకి వచ్చిన పిల్ల ముఖానికి చుట్టుకున్న చున్నీ విప్పగానే టూత్‌పేస్టు వాసన గుప్పుమంది. చెంపల మీద అక్కడక్కడా తెల్లగా ఎండి, పెచ్చులు లేస్తోంది. పరీక్ష దరఖాస్తుకు ఫోటో కావాలట. “ఎవరు పెట్టుకోమన్నరే ఇది?” అన్నాను. “మా మేనత్త” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా సూర్యాపేటలో ఎవరి మొటిమలూ వాళ్ళ సొంతం కావు, ఊరందరివీ. బస్సులో పక్క సీటావిడ తవుడు రాయమంటుంది, కూరగాయలావిడ వేడి చేసిందంటుంది, చుట్టపుచూపుగా వచ్చినాయన పెళ్ళయితే అవే పోతాయంటాడు. “అది పండ్లకు రాసేది, మొఖానికి కాదు. పో, కడుక్కొని రా!” అని కసిరాను. పిల్ల బిక్కమొహం వేసుకుని కుళాయి దగ్గరికి పోయింది. అచ్చం సరోజక్కలాగే అరిచానని అప్పుడు తోచింది.

సరోజక్క మిర్యాలగూడలో ఫోటో స్టూడియో నడిపేది. పెళ్ళిళ్ళకు కెమెరా పట్టుకుని తనే వెళ్ళేది. డిగ్రీ అయ్యాక నేను మాడుగులపల్లి నుంచి రోజూ షేర్ ఆటోలో వెళ్ళి ఆమె దగ్గర పని నేర్చుకున్నాను. నాకూ పెళ్ళిళ్ళకు వెళ్ళి ఫోటోలు తీయాలని ఆశ. కానీ ముఖం నిండా మొటిమలు. ఆ ముఖంతో అంతమంది ముందు నిలబడాలంటే ప్రాణం పోయేది. అందుకే వెనక గదిలో చున్నీ కట్టుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని, ఫోటోల్లో లోకంలోని అందరి ముఖాలూ శుభ్రం చేసేదాన్ని, నాది తప్ప. చేయి ఊరుకోదు కదా, పని చేస్తూనే గడ్డం గిల్లుకునేదాన్ని. ముందు గదిలో గిరాకీలు ఉన్నా సరే, సరోజక్క అక్కడి నుంచే కేక వేసేది. “శ్యామలా, గిల్లకే! నా చెంపలు సూడు, గిట్లయితవ్!” సరోజక్క చెంపలు వానకు గుంతలు పడ్డ మట్టిరోడ్డులా ఉండేవి. వచ్చినవాళ్ళంతా తొంగి చూసేవాళ్ళు. పరువు తీస్తుందని ఎన్నిసార్లు తిట్టుకున్నానో!

ఒకసారి మా పక్కింటి వదిన చెప్పిందని మందుల షాపులో క్రీమ్ కొని రాశాను. ఏం చెప్పాలి, వారం తిరిగేసరికి ముఖం మెరిసిపోయింది. చున్నీ తీసేసి తిరిగాను. ట్యూబు అయిపోయి మానేసిన కొన్నాళ్ళకే ముఖమంతా ఎర్రబడి, మంటలు పుట్టి, పాతవాటికి కొత్తవి తోడయ్యాయి. సరోజక్క ఖాళీ ట్యూబు చూసి నెత్తి కొట్టుకుంది. “గీ షాపాయన ఎన్నడు డాక్టరయిండే? నడువ్!” అని నన్ను స్కూటీ మీద ఎక్కించుకుని సూర్యాపేటలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆ క్రీములో స్టెరాయిడ్ ఉందనీ, ఇక దాని జోలికి పోవద్దనీ చెప్పి ఆమె మందులు రాసిచ్చింది. తగ్గడానికి నెలలు పడతాయంది. మొటిమలు పోతాయి, గుంటలు కొంత తగ్గుతాయి కానీ పూర్తిగా పోవు, చర్మానికి రంధ్రాలు ఉండేవే, మూసుకుపోవు అంది. ఇంత దూరం వచ్చింది ఈ మాట కోసమా అని ఏడుపొచ్చింది. “ఇగ నేను పెండ్లిళ్ళకు రానక్కా” అన్నాను. సరోజక్కకు విసుగొచ్చింది. “నిన్ను ఫోటోలు తియ్యనీకి పిలుస్తరు గని దిగనీకి కాదు. ఎక్కు బండి!”

మందులు సగంలో ఉండగానే కోదాడ పెళ్ళికి లాక్కుపోయింది, చున్నీ గుంజి బ్యాగులో పెట్టుకుని మరీ. నిజం చెప్పాలంటే అక్కడ నా ముఖం ఎవరికీ పట్టలేదు. వాళ్ళ గొడవంతా పెళ్ళికూతురి ముఖం గురించే. తర్వాత ఆల్బం చూడటానికి స్టూడియోకి వచ్చిన ఆ పిల్ల తల్లి అగ్గి మీద గుగ్గిలమైంది. “ఏంటండీ ఇది, ఆ గుంటలన్నీ అలాగే వదిలేశారు? తీసేయడం రాదా మీకు?”

“వస్తదమ్మా. తియ్యను” అంది సరోజక్క. “మొటిమ వచ్చే వారం పోతది, తీసేసిన. గుంట పిల్లతోనే ఉంటది. అది తీస్తే రేపు మీ మనవలు ఇదెవరని అడుగుతరు.”

ఆవిడ ఫోటోలు కాపీ చేయించుకుని వేరే స్టూడియోకి పోయింది. అడిగింది చేసిస్తే పోయేది కదా అన్నందుకు సాయంత్రం దాకా నాకు చీవాట్లు. ఆ మొండితనంతో వేగలేక చచ్చేదాన్ని. కానీ ఆ తర్వాత నేను మళ్ళీ చున్నీ కట్టలేదు, ఏ పెళ్ళీ వదల్లేదు.

పోయిన ఎండాకాలం సరోజక్క సూర్యాపేటలో నేను పెట్టుకున్న స్టూడియో చూడటానికి వచ్చింది. బలవంతంగా కూర్చోబెట్టి ఒక ఫోటో తీశాను. “లైటు సరింగ లేదు” అని వంక పెట్టి వెళ్ళింది. వారం తిరగలేదు, ఆమె గుండె ఆగిపోయింది. ఆమె కూతురు స్వాతి దండ వేసే పటం కోసం వచ్చి నా పక్కన కూర్చుంది. “అక్కా, చుట్టాలందరొస్తరు. అమ్మ మొఖం జర నున్నగ చెయ్యవా?” అంది. చేయనన్నాను. ఇద్దరం ఏడుస్తూనే పోట్లాడుకున్నాం. ఫోటో పెద్దది చేసి చూస్తే గడ్డం మీద కొత్త మొటిమ, దాని పక్కనే ఎర్రగా గోటి గాటు. ఇన్నేళ్ళు నన్ను కాల్చుకు తిన్న మనిషి తనే గిల్లుకుంది! “గిల్లకు అంటే ఇనపడదా అక్కా నీకు!” అని స్క్రీన్ మీద అరిచాను. స్వాతి ఉలిక్కిపడి, ఏడుపులోనే నవ్వింది. ఆ తర్వాత నున్నగా చేయమని అడగలేదు.

టూత్‌పేస్టు పిల్ల ముఖం కడుక్కుని వచ్చి స్టూలు మీద కూర్చుంది. “మొటిమలు తీసేస్తరా అక్కా?” అంది. తీసేస్తా, మచ్చలు మాత్రం ఉంచుతానన్నాను. ఆ పిల్ల గోడ మీద సరోజక్క పటం వంక చూసింది.

“మరి ఆమెకు మొటిమ గూడ ఉంచిన్రేంది?”

“అది పోయేదాక ఆమె ఉండలేదమ్మా” అన్నాను.