మామ గడియారం తొందర

మొన్న శుక్రవారం నా షాపు ఓపెనింగ్‌కు వచ్చినోళ్లు ఇంకా నవ్వుతనే ఉన్నరు. రానోళ్లు ఏం పాపం చేసిన్రు, మీరు గూడ వినుండ్రి.

మాది చేవెళ్ల, అత్తగారిది ఎంకపల్లి. మొయినాబాద్‌ల బోరు మోటార్ల వైండింగ్ షాపు పెట్టిన. మా మామ ముందురోజే తన పాత లోలకం గడియారం తెచ్చి గోడకు తగిలించిండు. కీ ఇచ్చేది కాదు, బ్యాటరీది. లోలకం అడుగున అయస్కాంతం, దాని కింద రాగితీగ కాయిల్. అయస్కాంతం కాయిల్ మీదికి వచ్చినప్పుడల్లా బ్యాటరీ జర కరెంటిచ్చి నూకుతది. ఆ ఊపుకే ముండ్లు తిరుగుతయి. రోజూ కాయిల్స్ చుట్టేటోన్ని, చూడంగనే సమజైంది.

అంత మంచి గడియారానికి దిష్టి తగుల్తదేమోనని, మామ పోయినంక ఒక గుర్రపు నాడా తెచ్చి పెట్టెలోపల కాయిల్ కింద దాచిన. గడియారం మీద ఎవరన్న చెయ్యేస్తే ఆయన ఊకోడు మరి.

రాహుకాలం పన్నెండుకు పోతది, అది దాటినంకనే కొబ్బరికాయ కొట్టాలని పంతులు చెప్పిండు. గడియారంల పన్నెండు దాటింది, పంతులు జాడ లేదు. నేను సెల్లు తీయబోతే మామ చెయ్యి పట్టుకున్నడు.

"నా గడియారం ఉండంగ సెల్లెందుకు అల్లుడూ?"

అందరి జేబుల్ల సెల్లులున్నయి. ఆయనకు జడిసి ఒక్కరూ తీయలె. ముహూర్తం పోతున్నదని మామనే కొబ్బరికాయ కొట్టిండు. లడ్డూలు గూడ పంచినం.

అప్పుడు దిగిండు పంతులు ఆటోలకెళ్లి. కొబ్బరి చిప్పలు చూసి ఆడనే ఆగిపోయిండు.

"రాహుకాలం ఇంకా అర్ధగంట ఉన్నది గద!"

గప్పుడు అన్ని సెల్లులు బయటికొచ్చినయి. మామ మొకం చూడలేకపోయిన. ఏనాడూ తప్పని గడియారం చుట్టాల ముందట ఆయన పరువు తీసింది. ఇది ఓపెనింగ్ కిందికి రాదు, షట్టర్ దించి మళ్ల తీయుండ్రని పంతులు తేల్చిండు. అందరం సగం తిన్న లడ్డూలు పట్టుకొని రోడ్డు మీద నిలబడ్డం. ఆల్రెడీ మింగిన సగం సంగతేందని మా అత్త పంతుల్ని అడిగింది.

ఆ ఎండల నా బుర్ర వెలిగింది. ఇనుప నాడా కింది నుంచి అయస్కాంతాన్ని గుంజుతుంటే లోలకం గబగబ ఊగుతది, టైము ముందుకు ఉరుకుతది. కాయిల్స్‌తోనే బతికేటోనికి గా మాత్రం తోచలె, ఏం చేద్దాం!

షట్టర్ రెండోసారి లేచినంక మామ గడియారం నా టేబుల్ మీద పెట్టిండు. "మొదటి గిరాకీ నాదే, బాగు చెయ్యి" అన్నడు. నాకు నిజం చెప్ప నోరు రాలె. లోపలికి తీస్కపోయి నాడా జేబులేసుకొని, టైము దిద్ది తెచ్చి తగిలించిన. సాయంత్రం దాక నిమిషం తేడా రాలె.

"మా అల్లుడు ముట్టుకుంటే చాలు" అని మామ ఊరూరా చెప్పిండు. ఇప్పుడు ఎంకపల్లి, చిన్న మంగళారంల చెడిపోయిన గడియారాలన్నీ నా షాపుల్నే ఉన్నయి. మోటారు ఒక్కటి రాలె. రోజూ పొద్దున వచ్చి ఒక్కోదాన్ని ముట్టుకుంటున్న. ఒక్కటీ నడుస్తలేదు.