అయిదొందలేళ్ల పొట్టేలికి చింతపండు

అయిదు వందల ఏళ్లుగా ఎవరివల్లా కాని విధ్వంసం నేను అరగంటలో చేశాను. ఆయుధం, నిమ్మకాయంత చింతపండు.

అప్పటికి కువైట్ వచ్చి మూడు నెలలు. సల్వాలో లెబనాన్ క్రైస్తవుల ఇంట్లో పని, యజమానురాలిని మామా అని పిలవాలి. వాళ్ల హాల్లో గోడకి పెద్ద కంచు పలక ఉండేది. ఎప్పుడో ఇటలీలో పోతపోశారట. దానిమీద ఉబ్బెత్తు బొమ్మలు. కొడుకుని దేవుడికి బలివ్వడానికి అబ్రాహాము కత్తి ఎత్తాడు, పైన దేవదూత ఆపుతున్నాడు, కింద ఇస్సాకు వణుకుతున్నాడు. మరి ఇస్సాకుకు బదులు బలికి దేవుడు చూపిన, పొదలోని పొట్టేలేదీ? సండేస్కూల్లో ఈ కథ చెప్పి బహుమతి కొట్టినదాన్ని, ఊరుకుంటానా? వెతికితే కింది మూలన నల్లటి ముద్దొకటి కనిపించింది. పిల్లాడి ప్రాణం నిలబెట్టిన జీవానికి ఇంత మసా? పైగా ఈస్టరుకు చుట్టాలొస్తున్నారు. నర్సాపురంలో మా అమ్మ పండగ ముందు ఇత్తడి బిందెలకు ఏం చేసేదో అదే చేశాను. చింతపండు, ఉప్పు, కొబ్బరిపీచు.

పొట్టేలు తళతళలాడింది. గర్వంగా డ్రైవర్ సత్తిబాబన్నయ్యను పిలిచి చూపించాను. కోనసీమ మనిషి, ఆ ఇంట్లో పన్నెండేళ్ల అనుభవం. చూసి గోడకి ఆనుకుపోయాడు.

"ఏం పెట్టి తోమేవమ్మా?"

"చింతపండు అన్నయ్యా. అబ్రాహాముని కూడా తోమేద్దును, వంట టైమైపోయింది."

"అది మురికి కాదమ్మా. అయిదొందలేళ్ల నలుపు. దాన్ని చూడ్డానికే జనం వస్తారు. మామా చూసిందంటే ఖలాస్."

"బూటు పాలిష్ ఉందా అన్నయ్యా?"

"చేసింది చాలమ్మా."

మామా రానే వచ్చింది. "ఎవరు?" అంది. సండేస్కూల్లో లాగే చెయ్యెత్తాను.

"సామాను సర్దుకో సువార్తా."

మా అమ్మాయి నర్సింగులో చేరిన ఏడాది అది. నా పని పోతే దాని చదువు ఆగిపోతుంది. పెట్టె సర్ది హాల్లోకి తెచ్చి, దాని ముందు కూర్చుని ఏడ్చాను.

అంతలో మామా వాళ్ల అమ్మగారు చక్రాల కుర్చీలో హాల్లోకి వచ్చింది. చూపు మసకేసిన ముసలావిడ. పలక ఎదురుగా ఆగిపోయింది.

"ఈ పొట్టేలు ఎప్పుడొచ్చింది?"

"ఎప్పుడూ ఉందమ్మా," అంది మామా.

"నా కళ్లు చెడిన దగ్గర్నుంచీ నాకు కత్తొక్కటే కనిపించేది. అందుకే అటు చూడ్డం మానేశాను." వంగి పొట్టేలు కొమ్ములు తడిమింది. "పోన్లే, పిల్లాడు బతికాడు."

మామా కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. "పెట్టె లోపల పెట్టు."

ఈస్టరు నాడు ఆ ముసలావిడ వచ్చిన ప్రతి చుట్టానికీ ముందు పొట్టేలిని, తర్వాత నన్ను చూపించింది. నేను పెళ్లికూతురిలా నిలబడ్డాను. చివర్లో నన్ను దగ్గరికి పిలిచి చెవిలో అడిగింది, "ఆ దేవదూత కూడా సరిగా కనపడ్డం లేదు. చింతపండు మిగిలిందా?"

మిగిలింది. మామా బీరువాలో, తాళం వేసి ఉంది. ఆ తాళం సాక్షిగా ప్రమాణం చేశాను. నల్లగా ఏది కనిపించినా ముందు వయసు అడుగుతాను. అయిదొందలు దాటితే దణ్ణం పెట్టి, పులుసు కాచుకోడానికి వెళ్లిపోతాను.